గిటారు మీద మోపిన నేరాలు

మేడ్చల్ చెక్‌పోస్టు నుంచి కండ్లకోయ దాకా, అటు తూంకుంట నుంచి శామీర్‌పేట చెరువు కట్ట దాకా, ఇంట్లో ఎలక్ట్రిక్ గిటారు ఉన్న పిల్లలు ఎవరైనా సరే మూడు మాటలు విని తీరతారు. మొదటిది పక్కింటి నుంచి వస్తుంది: "ఏందా లొల్లి?" రెండోది చుట్టాల నుంచి: "మనకెందుకు బిడ్డా ఇంగ్లీషోళ్ళ పాటలు? పైసలున్నోళ్ళ షోకులవి." మూడోది నేర్పుతామని బోర్డు కట్టినవాళ్ళ నుంచి వస్తుంది. అన్నిటికంటే ఎక్కువ చెరుపు చేసేది అదే: "నెలరోజుల్లో మీవాడి చేత డీప్ పర్పుల్ బ్యాండ్ పాట వాయిస్తాం సార్."

మొదటి రెండూ తిట్లలా, మూడోది మెచ్చుకోలులా వినిపిస్తాయి గానీ మూడింటికీ వేరు ఒక్కటే: ఆ పాటల్లో పెద్దగా నేర్చుకోవాల్సిందేమీ లేదన్న నమ్మకం. లొల్లి అన్న పెద్దమనిషీ అదే నమ్ముతున్నాడు, నెలలో వచ్చేస్తుందన్న మాస్టారూ అదే నమ్ముతున్నాడు. నేను దానికి అడ్డం తిరుగుతున్నాను. 1970ల నాటి హార్డ్ రాక్ పాటని ఎలక్ట్రిక్ గిటారు మీద ఉన్నదున్నట్టు పలికించడం ఒక విద్య. చెవిలో మొదలై చేతికి దిగాల్సిన విద్య. ఆ వరస తలకిందులు చేసినవాళ్ళ దగ్గర అది నిజంగానే లొల్లి అవుతుంది, అప్పుడు పక్కింటాయన్ని తప్పుపట్టి లాభం లేదు.

లొల్లి సంగతి ముందు తేల్చేద్దాం. ఎలక్ట్రిక్ గిటారుకి సాధారణంగా బోలు పొట్ట ఉండదు, గట్టి చెక్క పలక. వైరు తగిలించకుండా మీటితే పక్క గదిలోకి కూడా సరిగ్గా వినపడదు. హార్మోనియం, తబలా, చివరికి మామూలు కట్టె గిటారు కూడా దానికంటే గట్టిగా మోగుతాయి. హెడ్‌ఫోన్ పెట్టుకుని వాయించుకునే చిన్న ఆంప్‌లు (యాంప్లిఫయర్లు) బజార్లో ఎప్పటినుంచో ఉన్నాయి. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్ళుండే చోట పగలు 55 డెసిబెళ్ళు, రాత్రి 45 దాటకూడదు. మన కాలనీల్లో ఆ గీత దాటేది ఏదో అందరికీ తెలుసు. బరాత్‌కి ట్రాలీ మీద డీజే బాక్సులు పేర్చి కిటికీ అద్దాలు వణికిస్తే సంబురం, పిల్లవాడు తలుపేసుకుని ఒక రిఫ్ (పాటలో తిరిగి తిరిగి వచ్చే చిన్న వరస) పట్టుకుంటే లొల్లి! ఆంప్ వాల్యూమ్ మొత్తం తిప్పి వీధికి వినిపించేవాళ్ళూ ఉన్నారు, కాదనను. వాళ్ళ తలుపు కొట్టే హక్కు పక్కింటివాళ్ళకి నిండుగా ఉంది, అక్కడ నేను గిటారు పక్షం కాదు.

కానీ చదువుకున్నవాళ్ళ ఆక్షేపణ వేరు. శబ్దం ఎంతన్నది వాళ్ళ బాధ కాదు, ఎలాంటిదన్నది. "ఆ గరగరలో స్వరం ఎక్కడుందయ్యా?" అని కర్ణాటక సంగీతం తెలిసిన పెద్దలు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే, అయితే జవాబు వినే ఓపిక ఉండాలి.

ఆంప్ మోయగలిగినదానికంటే ఎక్కువ సిగ్నల్ పంపితే తరంగం శిఖరాలు కత్తిరించినట్టు చదునవుతాయి. ఆ కత్తిరింపు నుంచి మనం మీటని ఉపస్వరాలు బోలెడన్ని పుట్టుకొస్తాయి. గరగర అంటే అది. దాని మీద నిండు మేజర్ కార్డు మోగించారనుకోండి, అందులోని గాంధారం మిగతా ఉపస్వరాలతో కొట్టుకుని అంతా కలగాపులగం అవుతుంది. హార్డ్ రాక్ గిటారిస్టులు చేసిన పని గాంధారాన్ని తీసెయ్యడం. షడ్జం, పంచమం, కావాలంటే పై షడ్జం. అంతే మిగిల్చారు. పవర్ కార్డు అని పిలిచేది దీన్నే. షడ్జ పంచమాల నిష్పత్తి 2కి 3. ఆ రెండూ గరగరలో కలిసినప్పుడు వాటి తేడా స్వరం, అంటే ఇంకో స్థాయి కిందుండే షడ్జం, ఎవరూ మీటకుండానే చెవికి తగులుతుంది. రెండు వేళ్ళతో పట్టిన కార్డు అంత బరువుగా వినిపించడానికి కారణం అది. సా-పా శ్రుతి పెట్టుకోకుండా గొంతు విప్పని సంప్రదాయంలో పెరిగినవాళ్ళకి ఇందులో స్వరం కనిపించలేదంటే, వాళ్ళు వినలేదని అర్థం.

ఇక "మనది కాదు" అన్నమాట. దీని మీద కొంచెంసేపు ఆగాలి.

ముత్తుస్వామి దీక్షితులు మద్రాసు కోట దగ్గర తెల్లవాళ్ళ బ్యాండు వాయించే బాణీలు విన్నారు. విని చెవులు మూసుకోలేదు, వాటికి సంస్కృత సాహిత్యం కూర్చారు. ఈనాటికీ సంగీతం క్లాసుల్లో పిల్లలకి నేర్పే నొట్టుస్వరాలు అవే. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు పాశ్చాత్యుల దగ్గర వయొలిన్ నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చారు. ఆ వయొలిన్ మీద ద్వారం వెంకటస్వామి నాయుడు గారు విజయనగరం పేరు దేశమంతా వినిపించారు. ఇప్పుడు వయొలిన్ లేని కచేరీని ఊహించమనండి ఎవరినైనా. హార్మోనియం గతి ఇంకా విడ్డూరం. అది మన సంగీతానికి పనికిరాదని ఆకాశవాణి 1940లో దాన్ని స్టూడియో గడప తొక్కనివ్వలేదు, ఆ పట్టు సడలడానికి 1971 దాకా పట్టింది. ఆ ముప్ఫై ఏళ్ళలో హార్మోనియం పెట్టె లేకుండా మన పద్యనాటకం ఒక్క రాత్రి నడిచిందా?

"అవన్నీ సరే, కరెంటు వాయిద్యం వేరు" అంటారేమో. అయితే పాలకొల్లు వెళ్దాం. 1969లో అక్కడ పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ చేతిలో ఉన్నది ఏమిటి? ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధన ఉత్సవంలో మొదటి కచేరీ, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం, 1998లో పద్మశ్రీ. జాన్ మెక్‌లాఫ్లిన్ లాంటి ఎలక్ట్రిక్ గిటారు దిగ్గజంతో రిమెంబర్ శక్తి బృందంలో పక్కపక్కన కూర్చుని వాయించాడు. 2014లో నలభై ఐదేళ్ళకే పోయాడు. కరెంటు తగిలితే సంగీతం మైలపడేదైతే ఆ మనిషి కల్యాణి వాయించినప్పుడే పడి ఉండాలి.

శ్రీనివాస్ కథలో నా వాదనకి అసలు ప్రాణం ఇంకోచోట ఉంది. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు. పిల్లవాడు విని, ఆ పాడింది తీగల మీద వెతుక్కుని తిరిగి వినిపించేవాడు. ఏ మెట్టు మీద ఏ వేలు పెట్టాలో ఆ గురువు చూపించలేదు. చెవి ముందు నడిచింది, వేలు వెనక నడిచింది. రాక్ గిటారు కూడా ఈ పద్ధతిలోనే పెరిగింది. ఇంగ్లండులో ఆ తరం కుర్రాళ్ళు అమెరికా బ్లూస్ రికార్డుల మీద ముల్లుని మళ్ళీ మళ్ళీ వెనక్కి పెట్టుకుని నేర్చుకున్నారు. నెలరోజుల బోర్డుల దగ్గరికి వచ్చాక ఈ మాట మళ్ళీ అందుకుంటాను.

పని వరసలో కూడా దూరం తక్కువే. వీణ మీద మెట్టు దగ్గర తీగని పక్కకి లాగి పై స్వరం పలికిస్తాం. గిటారు మీద బెండ్ అంటే అదే చర్య, అదే కండరం, అదే పరీక్ష: లాగిన తీగ సరిగ్గా గమ్యస్వరం దగ్గర ఆగిందా, కాస్త కిందే కూలబడిందా? వీణకి 24 మెట్లు, గిటార్లకి ఎక్కువగా 21, 22, కొన్నింటికి 24. పైగా రాకపోకలు రెండు వైపులా సాగాయి. లెడ్ జెప్లిన్ బృందంలోని జిమ్మీ పేజ్, రాబర్ట్ ప్లాంట్ 1972లో బొంబాయి వచ్చి ఇక్కడి వాద్యకారులతో తమ పాటలు రెండు రికార్డు చేసుకుపోయారు.

మన చుట్టుపక్కల సంగతికొస్తే, ఈ పాటలు బిట్స్ క్యాంపస్‌తోనో నల్సార్ హాస్టళ్ళతోనో శామీర్‌పేటకి దిగుమతి అయ్యాయని ఒక అపోహ ఉంది. నల్సార్ మొదలైందే 1998లో, బిట్స్ 2008లో. గిటారు అంతకు చాలా ముందు నుంచీ ఈ దారిలో ఉంది. సికింద్రాబాద్ కంటోన్మెంటులో, లాలాగూడ, మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు పెంచిన వాయిద్యం అది. బొల్లారం, అల్వాల్, మేడ్చల్ చర్చీల్లో ఆదివారం ఆరాధనకి తెలుగు కీర్తన వెనక మోగేదీ అదే. 1999లో వచ్చిన 'తమ్ముడు'లో రమణ గోగుల కట్టిన పూర్తి ఇంగ్లీషు రాక్ పాటకి పవన్ కల్యాణ్ కసరత్తు చేస్తుంటే థియేటర్లో కాగితాలు చించి ఎగరేసింది మనమే కదా. ఇంగ్లీషోళ్ళ పాట అని ఆ రోజు ఎవరూ లేచి వెళ్ళిపోలేదు.

"పైసలున్నోళ్ళ షోకు" అన్నమాటకి మాత్రం నాకు నిజంగా కోపం వస్తుంది. చరిత్రని ఇంతకంటే తారుమారు చేయడం కుదరదు.

బాలానగర్ నుంచి జీడిమెట్ల మీదుగా మేడ్చల్ దాకా ఉన్న దారిలో ద్రాక్షతోటలు ప్లాట్లయ్యాయి గానీ షెడ్లు ఇంకా ఉన్నాయి. ప్రెస్ షాపులు, డై పని చేసే వర్క్‌షాపులు, మందుల కంపెనీలు. రేకుని ప్రెస్ కింద పెట్టిన చెయ్యి వెనక్కి రాకముందే ప్రెస్ దిగితే ఏమవుతుందో ఇక్కడివాళ్ళకి ఎవరూ వివరించనక్కర్లేదు. గిటారిస్టు టోనీ అయోమీకి అదే జరిగింది. పదిహేడేళ్ళ వయసు, బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీ, ఆ ఉద్యోగంలో చివరి రోజు. యంత్రం అతని కుడిచేతి మధ్యవేలు, ఉంగరం వేలు కొసల్ని తీసేసింది. అతనిది ఎడమచేతి వాటం కాబట్టి గిటారు తీగల్ని నొక్కేది ఆ కుడిచెయ్యే. ఇక వాయించడం కుదరదన్నారు. ఫ్యాక్టరీలో పైవాడొకాయన జాంగో రైన్‌హార్ట్ రికార్డు తెచ్చి వినిపించాడు. నిప్పులో కాలి రెండు వేళ్ళు పనిచేయకుండా పోయాక కూడా యూరప్‌ని ఊపేసిన గిటారు విద్వాంసుడాయన. అయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకి తొడుగులు చేసుకున్నాడు, వాటి మీద తోలుముక్క అంటించాడు. మామూలు తీగలు ఒత్తితే ప్రాణం పోతోంది, అందుకని పల్చటి బాంజో తీగలు వేసుకున్నాడు. ఆ తర్వాత బిగువు తగ్గడానికి శ్రుతే దించేశాడు. 1971 నాటి 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'లో కొన్ని పాటలకి అది మూడు అరస్వరాలు కిందికి దిగింది. హెవీ మెటల్ అని లోకం పేరు పెట్టిన ఆ బరువైన నాదంలో ఒక ఫ్యాక్టరీ కార్మికుడు తెగిన వేళ్ళకి చేసుకున్న సర్దుబాటు ఉంది.

అతని బృందం బ్లాక్ సబ్బాత్‌లో పాడిన ఆజీ ఆస్‌బర్న్ కబేళాలో పనిచేశాడు. వాళ్ళ మొదటి ఆల్బమ్ 1969 అక్టోబర్‌లో దాదాపు ఒక్కరోజులో రికార్డయింది, 1970 ఫిబ్రవరిలో వచ్చింది. 2025 జులై 5న అదే బర్మింగ్‌హామ్‌లో ఆఖరి కచేరీ చేశారు, పదిహేడు రోజులకి ఆజీ పోయాడు. ఏసీ/డీసీ బృందం గిటారిస్టు మాల్కమ్ యంగ్? గ్లాస్గో నుంచి 1963లో ఆస్ట్రేలియాకి వలసపోయిన కుటుంబం, సిడ్నీలో లోదుస్తుల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ల మెకానిక్. ఇవీ ఆ షోకులు. విల్లాలో ఉండే పిల్లవాడు ఆ పాట నేర్చుకుంటే నాకు అభ్యంతరం లేదు, కానీ ఆ పాట మీద మొదటి హక్కు జీడిమెట్ల షిఫ్టు దిగి వచ్చేవాడిది.

మధ్యలో ఒక మాట. సబ్బాత్ పేరు వినగానే సైతాను పూజ అని భయపడే తల్లిదండ్రులు మన చర్చి కుటుంబాల్లో ఉన్నారు. అయోమీ మెడలో ఉండేది శిలువ. ఆ బృందం 1970లో చేసిన 'వార్ పిగ్స్' యుద్ధాలకి పిల్లల్ని పంపి తాము దాక్కునే పెద్దల మీద మండిపాటు. ఆ తరం రాక్ పాటల్లో ఆడవాళ్ళ గురించి చవకబారు మాటలున్నవి చాలానే ఉన్నాయి, వాటిని నేను వెనకేసుకు రాను. ఏ పాట ఇంట్లోకి రావాలో పెద్దలు విని తేల్చుకోవచ్చు. ఆల్బమ్ అట్ట చూసి తేల్చేయడమే తగదు.

ఇప్పుడు బోర్డుల దగ్గరికి. కొంపల్లి, సుచిత్ర, అల్వాల్ వైపు గిటారు క్లాసులు చాలా వెలిశాయి. మంచి మాస్టార్లు ఉన్నారు, నా గొడవ వాళ్ళతో కాదు. నెలరోజుల మాటతో. ఆ మాట నమ్మి చేరిన పిల్లవాడికి మొదటి రోజే ఒక కాగితం ఇస్తారు. ఆరు గీతలు, వాటి మీద అంకెలు. ట్యాబ్ అంటారు. ఏ తీగ మీద ఎన్నో ఫ్రెట్ (మెట్టు) నొక్కాలో అది చెబుతుంది. ఎంతసేపు నొక్కాలో, ఎప్పుడు వదలాలో, మిగతా ఐదు తీగల్ని ఏం చేయాలో చెప్పదు. వారం తిరిగేసరికి పిల్లవాడు అందరికంటే లావు తీగ మీద 'స్మోక్ ఆన్ ద వాటర్' రిఫ్ కొడతాడు, అమ్మ ఫోన్లో తీస్తుంది, నాన్న స్టేటస్ పెడతాడు. వచ్చేసిందని అందరూ అనుకుంటారు.

ఏం వచ్చింది? ఆ రిఫ్‌ని ఒకసారి విప్పి చూద్దాం. 1971 డిసెంబర్ 4న స్విట్జర్లాండ్‌లోని మాంట్రోలో కచేరీ మధ్యలో క్యాసినో తగలబడింది. రికార్డింగ్ కోసం ఆ ఊరొచ్చిన డీప్ పర్పుల్ ఆ పొగ చూసి కట్టిన పాట 1972లో 'మెషిన్ హెడ్' ఆల్బమ్‌లో వచ్చింది. రిఫ్‌లో స్వరాలు నాలుగే: షడ్జం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, ఒకే ఒక్కసారి ముట్టుకుని వదిలే ప్రతిమధ్యమం. అయితే ఆ బృందం గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ వాటిని ఒంటి స్వరాలుగా వాయించలేదు. ప్రతి స్వరం కింద దాని మంద్ర పంచమాన్ని జతచేశాడు. మొదటి దెబ్బలో కింద పంచమం, పైన షడ్జం, అంటే తంబురాలో మొదటి రెండు తీగలు ఒకేసారి మోగితే ఏం వినిపిస్తుందో అది. ఆ రెండు తీగల్నీ పిక్‌తో గీకకుండా వేళ్ళతో పట్టి ఒకేసారి వదులుతాడు. పిక్‌తో గీకితే కింది తీగ ఒక లిప్త ముందు మోగుతుంది, కొస పదును మారిపోతుంది. రెండు దెబ్బల మధ్య తీగని ఎప్పుడు ఆపాడన్నది ఇంకో విద్య. లావు తీగ మీద అంకెలు కొట్టిన పిల్లవాడికి ఇందులో ఒక్కటీ తెలియదు. తప్పు వాడిది కాదు. వాడిని ఎవరూ ముందు వినమనలేదు, రిఫ్‌ని నోటితో పాడమనలేదు. సుబ్బరాజు గారైతే గిటారు ముట్టుకోనిచ్చేవారు కాదేమో.

కాగితం చేసే మోసం ఇంకోటుంది. అంకెలు సరిగ్గానే నొక్కి, అసలు పాట పెట్టుకుని దాంతో కలిపి వాయిస్తే కలవదు. పిల్లవాడు తన చెవి మంచిది కాదనుకుంటాడు. అసలు సంగతి, గన్స్ ఎన్ రోజెస్ 1987లో 'స్వీట్ చైల్డ్ ఓ మైన్' వాయించింది మామూలు శ్రుతికి అరస్వరం కింద. సబ్బాత్ కొన్ని పాటలు ఇంకా కింద. శ్రుతి చూసుకోకుండా పాట మొదలుపెట్టే శిష్యుణ్ణి మన గురువులెవరైనా ఊరుకుంటారా? ఇంతకీ ఆ 'స్వీట్ చైల్డ్' మొదట్లో వచ్చే మెలికలు తీగ దాటవేస్తూ చేసే వేళ్ళ కసరత్తుగా మొదలయ్యాయని ఆ బృందం గిటారిస్టు స్లాష్ చెప్పుకున్నాడు. సరళి వరసలని విసుక్కునేవాళ్ళకి ఈ ముక్క చెప్పాలి.

మాస్టార్లు చెప్పని అతి కష్టమైన పని చప్పుడు ఆపడం. కట్టె గిటారు మీద అనుకోకుండా తగిలిన తీగ ఎవరికీ వినపడదు. ఎలక్ట్రిక్ మీద అదే తీగ ఆంప్‌లోంచి ఊళ పెడుతుంది. అందుకని కుడి అరచేతి అంచు, ఎడమచేతి ఖాళీ వేళ్ళు, ఎప్పుడూ ఏదో ఒక తీగని నొక్కిపట్టి ఉండాలి. మోగే తీగ ఒకటి, ఆపాల్సినవి ఐదు. 1980లో వచ్చిన ఏసీ/డీసీ 'బ్యాక్ ఇన్ బ్లాక్' రిఫ్ పేరు చెప్పగానే పిల్లలు మూడు కార్డులు కొట్టి చూపిస్తారు. ఆ రిఫ్ ఉన్నది కార్డుల్లో తక్కువ, వాటి మధ్య కత్తిరించిన ఖాళీల్లో ఎక్కువ. ఆ ఖాళీలో ఒక్క తీగ గుంయ్‌మన్నా పాట చచ్చిపోతుంది. సోలోలు అందరూ అడుగుతారు, మాల్కమ్ యంగ్‌లా తాళానికి అతుక్కుని నాలుగు నిమిషాలు లయ నడిపిస్తానని వచ్చే శిష్యుడు అరుదు.

గరగరని పెంచే గెయిన్ బటన్ కూడా ఈ పాపంలో భాగస్వామి. రాక్ అంటే గరగర అనుకుని దాన్ని చివరిదాకా తిప్పుతారు. పాత రికార్డులు శ్రద్ధగా వినండి, ముఖ్యంగా ఏసీ/డీసీవి. గరగర మనం అనుకున్నదాంట్లో సగం కూడా ఉండదు. కార్డులోని ఒక్కో తీగ విడిగా వినిపిస్తుంది. ఆ బరువు రెండు గిటార్లు, బేస్, డ్రమ్ములు ఒక్క బిగిన కలిసి పడటం నుంచి వచ్చింది. గెయిన్ ఎక్కువ పెడితే తప్పులు దాగుతాయి, అందుకే దాని మీద అంత ప్రేమ. నేర్చుకునేవాడికి తప్పు వినపడాలి.

పాత పాటలే ఎందుకని కూడా అడుగుతుంటారు. కారణం ఇక్కడే ఉంది. ఆ రికార్డుల్లో మనుషులు కొద్దిమంది, పొరలు కొద్ది, ఎవరేం చేస్తున్నారో చెవికి దొరుకుతుంది. హైదరాబాద్ మూలాలున్న గాడ్‌లెస్ లాంటి మెటల్ బృందం వేగాన్ని మొదటి ఏడాదిలోనే అందుకోవాలనుకునేవాడికి పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

డబ్బు లెక్క తొందరగా తేల్చేయొచ్చు. పది పదిహేను వేలలో వచ్చే గిటారు మొదటి కొన్నేళ్ళకి చాలు. చాలనిది దాని సెటప్. తీగలు ఫ్రెట్ల నుంచి మరీ ఎత్తుగా ఉంటే పిల్లవాడి వేళ్ళు కోసుకుపోతాయి, తనకి రాదనుకుని మానేస్తాడు. పన్నెండో ఫ్రెట్ దగ్గర రెండు మిల్లీమీటర్ల లోపు ఎత్తు ఉండేలా తెలిసినవాళ్ళ చేత సరిచేయించండి. మన ఎండలకి మెడ వంగుతుంది, అప్పుడప్పుడు మళ్ళీ చూపించాలి. ముందు కట్టె గిటారు, తర్వాతే ఎలక్ట్రిక్ అన్న నియమానికి ఆధారం ఏమీ లేదు. పల్చటి తీగలున్న ఎలక్ట్రిక్ చిన్న వేళ్ళకి ఇంకా తేలిక.

కొత్త వెంచర్లలో కట్టిన ఇళ్ళలో ఇంకో బెడద ఉంది, దీనికి మాత్రం గిటారుని నిందించకండి. ఆంప్ ఆన్ చేయగానే జుయ్‌మనే రొద. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ రొద దాని గొంతే. ఇంటికి ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే ఇంకా పెరుగుతుంది. తీగల కదలికని అందుకునే పికప్‌కి ఒకే కాయిల్ ఉంటే (సింగిల్ కాయిల్) ఆ రొదని కూడా ఇష్టంగా అందుకుంటుంది. ఆ బాధ తప్పించడానికే గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ 1955లో రెండు కాయిళ్ళ హంబకర్ కనిపెట్టాడు. మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్తింగ్ పిన్ను తీసేసి రెండు పిన్నుల సాకెట్లో దూర్చే అలవాటు మాత్రం వెంటనే మానేయాలి. తీగలు లోహం, చేతులు వాటి మీద ఉంటాయి, షాక్ కొడితే ప్రాణం మీదికి వస్తుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

ఉద్యోగానికి పనికొస్తుందా అని అడిగే తండ్రులకి నా దగ్గర తీపి మాటలేం లేవు. రాదు. ఎక్కడో ఒకరిద్దరికి వస్తుంది. ట్రినిటీ, రాక్‌స్కూల్ గ్రేడ్ పరీక్షలు మంచివే, బ్యాకింగ్ ట్రాక్‌తో కలిపి వాయించే అలవాటు చేస్తాయి. కానీ సర్టిఫికెట్ గోడకి తగిలించి పిల్లవాడికి ఒక్క పాటైనా మొదటి నుంచి చివరిదాకా రాకపోతే ఆ ఫీజు దండగ. ఎనిమిది పాటల మొదళ్ళు వచ్చినవాడికంటే ఒక్క పాట పూర్తిగా వచ్చినవాడు మేలు. ఫోన్‌లో శ్రుతి మారకుండా పాట వేగం సగానికి తగ్గించే యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి. ముందు వినాలి, నోటితో పాడాలి, తర్వాత తీగ మీద వెతకాలి. ట్యాబ్ చివర్లో సరిచూసుకోవడానికి. ఇలా అయితే ఒక పాటకి నెలలు పడతాయి. పట్టనివ్వండి.

చివరిగా, ఇందులో స్వరమే కాదు, లెక్కా లేదని తీర్పు చెప్పే సంగీతం మాస్టారు ఎవరైనా ఉంటే, వారికి ఒక మనవి. మీ దగ్గర మృదంగం నేర్చుకునే శిష్యుణ్ణి ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి. లెడ్ జెప్లిన్ 1975లో విడుదల చేసిన 'కాశ్మీర్' పెట్టండి. అందులో గిటారు మూడు దెబ్బల వరసలో తిరుగుతుంది, డ్రమ్ములు నాలుగు దెబ్బల వరసలో నడుస్తాయి, పన్నెండుకి ఒకసారి ఇద్దరూ కలుస్తారు. మీరు గిటారుకి మూడు వేయండి, మీ శిష్యుడు డ్రమ్ములకి నాలుగు వేస్తాడు. ఇద్దరిలో ఎవరూ జారకుండా పాట సగం దాటిస్తే, అది లొల్లి అన్న మీ మాట మీద మళ్ళీ కూర్చుని వాదించుకుందాం.